చూసింది, అనుకున్నది

మా పిన్నుల టీచరంటే నాకు ఒళ్లు మంట. ఆవిడకీ నేనంటే అంతే. మా ఇద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

ఆ పేరు ఆవిడకి పెట్టింది మా పదో తరగతే. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పాత డిటెక్టివ్ నవలలు ఇచ్చి మమ్మల్ని వాదించుకోమనేది. ఇచ్చే ముందు ప్రతి పుస్తకంలోనూ చివరి అధ్యాయాన్ని స్టేప్లర్‌తో టకటకా పిన్నులు కొట్టి మూసేసేది. హంతకుడెవరో మేమే తేల్చాలి. తేల్చాక పిన్నులు పీకి చదవాలి. చదివాక, డిటెక్టివ్ చెప్పింది నిజంగా రుజువైందా, లేక పెద్దమనిషి కదా అని అందరూ నమ్మేశారా అని మళ్లీ కొట్టుకు చావాలి. గెలిచినవాళ్లకి ఆవిడ ఏమీ ఇచ్చేది కాదు. ఓడినవాళ్లకి మాత్రం చివాట్లు పుష్కలంగా పెట్టేది.

క్లాసులోకి రాగానే బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసేది. ఎడమవైపు ‘చూసింది’ అని, కుడివైపు ‘అనుకున్నది’ అని రాసేది. ఎవరేం చెప్పినా అది ఏ వైపుకి వెళ్తుందో వాళ్లే లేచి వెళ్లి రాయాలి.

"డాక్టరు భయపడ్డాడు టీచర్," అనేవాడు ఎవడో.

"ఎలా తెలుసు?"

"చేతులు వణికాయని ఉంది టీచర్."

"వణకడం చూశావు. భయం నువ్వు కలిపావు. ముసలాయన, చలేసి ఉండొచ్చు. కుడివైపు రాసి కూర్చో."

మాట మాటకీ ఈ ‘ఎలా తెలుసు’ వినీ వినీ నాకు చెవులు చిల్లులు పడేవి. మిగతావాళ్లు ఆ క్లాసుకి ఇష్టపడి చేరారు. ఆ పీరియడ్‌లో ఆటలకైనా వెళ్లొచ్చు, వాదనలకైనా రావచ్చు. నేను బంతితో ఆఫీసు గది కిటికీ అద్దం పగలగొట్టాను కాబట్టి నన్ను ఆటల్లోంచి లాగి ఇక్కడ పడేశారు. అద్దం పగలగొట్టిన మాట నిజం. అంతకు ముందు ఒకడి వీపు మీద టిఫిన్ డబ్బాతో కొట్టిన మాటా నిజం. వాడు ఏమన్నాడో ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఇప్పుడు చెప్పను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఈ ఊరు మంచిది కాలేదు. బడిలో నా పేరు గయ్యాళి.

మొదటి వారమే నేను జడపిన్నుతో ఆవిడ పిన్నులు ఊడదీసి, చివరి అధ్యాయం చదివేసి, క్లాసులోకి ఆవిడ అడుగు పెట్టగానే హంతకుడి పేరు గట్టిగా అరిచాను. అందరూ గొల్లుమన్నారు. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"మంచిది. ముగింపు నీకు తెలిసిపోయింది కదా. ఇప్పుడు డిటెక్టివ్ పొరబడ్డాడని నువ్వు వాదించు," అంది.

ఆ పీరియడంతా నన్ను నిలబెట్టేసింది. ఆ పుస్తకంలో డిటెక్టివ్ ఒక గొడుగు పెద్దమనిషి, తడిసిన చేతితొడుగు ఒకటి చూసి డాక్టర్ని పట్టేస్తాడు. చేతితొడుగు తడవడానికి వానతో పాటు ఇంకేమేం కారణాలుండొచ్చో నేను వరుసగా చెప్పుకుంటూ పోయాను. చివరికి ఆ గొడుగాయన గొడుగు కూడా తడిసే ఉంది కదా, మరి ఆయన్నెందుకు పట్టుకోలేదు అని అడిగాను. క్లాసు చప్పట్లు కొట్టింది. ఆవిడ డస్టర్ దులుపుకుంటూ, "ఎక్కువ అరిచావు. ఆ అరుపుల్లో ఒక్క మాట బాగుంది," అని వెళ్లిపోయింది. ఏ మాటో చెప్పి చస్తే కదా! వారమంతా ఆ మాటేమిటో వెతుక్కున్నాను. ఆవిడంటే మంట పుట్టింది అప్పుడే.

ఇక మా ప్రిన్సిపాల్ సార్. ఆయనకి పిల్లలంటే చిరాకు, చేపలంటే ప్రాణం. బడి ముందు హాల్లో పిన్నుల టీచర్ పుస్తకాల బీరువా ఒకటి ఉండేది. చెక్కపొడి అట్టలతో చేసిన తేలిక రకం. పైన లామినేషన్ మెరుస్తుంది, లోపల పొట్టే. సార్ ఒకరోజు ఆ పుస్తకాలన్నీ మరుగుదొడ్ల పక్కనున్న చెమ్మ గదిలోకి మోయించారు. ఖాళీ బీరువాని పక్కకి పడుకోబెట్టించి, దాన్నే బల్లగా చేసి, దాని మీద పెద్ద గాజు తొట్టి పెట్టించారు. చుట్టాల్ని చూసుకున్నట్టు పొద్దునా సాయంత్రం ఆ చేపల్ని చూసుకునేవారు.

ఆ రోజు హాల్లో పిన్నుల టీచర్ కేకలు మూడో అంతస్తుకి వినిపించాయి. "పుస్తకాలకి బూజు పట్టిస్తే పట్టించారు. ఈ తొట్టి మీ దగ్గర ఎన్నాళ్లుంటుందో నేనూ చూస్తాను," అని అందరి ముందూ అనేసింది. సార్ ఆ మాట మనసులో దాచుకున్నారు.

ఆలస్యంగా వచ్చినవాళ్లని ఆ తొట్టి పక్కనే నిలబెట్టడం మా బడి ఆచారం. రోజూ నిలబడేది నేనే. మా అమ్మ చెప్పుల షాపులో పనిచేస్తుంది. తను వెళ్లాక ఇల్లు సర్ది, తాతయ్యకి మందులిచ్చి, నేను బయల్దేరేసరికి గంట కొట్టేసేవారు. అలా నిలబడి నిలబడి ఆ తొట్టి నాకు కంఠతా వచ్చేసింది. బుద్ధుడి బొమ్మ ఎక్కడుందో, బుడగలు ఏ మూల నుంచి వస్తాయో కళ్లు మూసుకుని చెప్పగలను. అడుగున ఒక నల్లటి పలచ రాయి ఉండేది, ఒక మూల విరిగింది. దాని కింద వేలెడంత చేప ఒకటి దాక్కునేది. పెద్ద చేపలు అటు పోగానే బయటికొచ్చి, ఆ రాయికి పట్టిన పాచిని గబగబా గీక్కుని తినేసి మళ్లీ లోపలికి దూరేది. దాని పేరు పిరికి అని నేనే పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఇలాంటివి చెప్తే గయ్యాళి పేరుకే నామోషీ.

ఒకసారి మాత్రం కాళ్లు పీకి, కడుపు మండి, "ఏదో ఒకనాడు ఈ తొట్టిని సార్ నెత్తిన బద్దలు కొడతాను," అన్నాను. పక్కన నిలబడ్డవాళ్లందరూ విన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే తొట్టి పగిలింది.

ఆ సాయంత్రం నన్ను గంట కొట్టాక కూడా నిలబెట్టారు. చాలాసేపటికి పిన్నుల టీచర్ స్టాఫ్‌రూమ్ గుమ్మంలోంచే, ఇటు చూడకుండానే, "ఇంక ఇంటికి పో," అని కేకేసింది. ఆవిడ పిన్నులు కొట్టుకుంటూ లోపలే ఉండిపోయింది. తర్వాత వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయిందట. వాచ్‌మన్ హాల్లోకి తొంగి చూడకుండా ముందు తలుపు లాగి తాళం వేశాడు. తెల్లారి ఊడ్చే ఆయా తలుపు తీసేసరికి హాలంతా నీళ్లు, గాజు పెంకులు, చచ్చిన చేపలు. పెంకుల మధ్య ఒక రాయి. సార్ ఆ రాయిని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టుకున్నారు, సాక్ష్యమట.

నన్ను ఆఫీసుకి పిలిచారు. అమ్మని షాపు నుంచి రప్పించారు.

"ఎందుకు పగలగొట్టావ్?" అన్నారు సార్.

"ఏం పోయేకాలం వచ్చిందే నీకు? ఒక అద్దంతో తనివి తీరలేదా?" అంది అమ్మ.

పిన్నుల టీచర్ గుమ్మంలో నిలబడి నా వైపు అలా చూసింది. ఆవిడ కూడా ఏమీ అడగలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేనా చెట్టు కిందే కాపురం పెట్టినదాన్ని. అందుకే పెదవి బిగించి గోడకున్న గడియారాన్ని చూస్తూ నిలబడ్డాను. నేను నోరు మూసుకోవడాన్ని వాళ్లు ఒప్పుకోవడం కింద జమ వేసుకున్నారు.

సార్ టీసీ రాసేశారు. బడి నుంచి పంపించేసే కాగితం అది. పెద్ద పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. ఈ సమయంలో ఇలాంటి మచ్చతో నన్ను చేర్చుకునే బడి ఊళ్లో లేదు. దార్లో అమ్మ ఒకటే మాట అంది. "చదువు అయిపోయింది. ఇంక వచ్చి నాతో పాటు కూర్చుని వచ్చినవాళ్ల కాళ్లకి చెప్పులు తొడుగు." తిట్టినా బాగుండేది. చాలా మామూలుగా అంది.

శుక్రవారం నాడు టీసీ తీసుకోడానికి మమ్మల్నిద్దరినీ రప్పించిన సార్‌కి ఒక సరదా పుట్టింది. టీసీ చొక్కా జేబులో పెట్టుకుని, అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని, ఆ రాయి పొట్లం పట్టుకుని ఆఖరి పీరియడ్‌కి మా క్లాసులోకి వచ్చారు.

"మీ పిల్లలు పెద్ద డిటెక్టివ్‌లు కదా మేడమ్. వాళ్లతోనే తేల్పిద్దాం. ఈ తల్లికి కూడా రేపు మనసులో ఏమీ ఉండదు," అన్నారు.

"పుస్తకంలో శవానికి నొప్పి ఉండదు సార్. ఇక్కడ ఒక పిల్ల చదువు. ఇది ఆట కాదు," అంది పిన్నుల టీచర్.

"అయితే ఇన్నాళ్లూ మీరు నేర్పింది దేనికీ పనికిరాదన్నమాట."

ఆవిడ ముఖం ఎర్రబడింది. వెళ్లి బోర్డు మీద గీత గీసింది. ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘అనుకున్నది’. గీత వంకరగా వచ్చింది. ఎప్పుడూ అలా రాదు. అమ్మ వెనక బెంచీలో, ఇరుకు బెంచీ కావడంతో మోకాళ్లు పట్టక, పక్కకి తిరిగి కూర్చుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ముందుగా లేచింది మైకు. మా క్లాసులో వాదనల వీరుడు వాడు. గొంతు ఎప్పుడూ మైకు మింగినట్టే ఉంటుంది. వాడికీ నాకూ ఉప్పూ నిప్పూ. డబ్బా దెబ్బ తిన్న వీపు వాడిదే. బోర్డు దగ్గరికి వెళ్లి ‘చూసింది’ కింద చకచకా రాశాడు. తొట్టి పగిలింది. నేల మీద రాయి ఉంది. రాయి విసిరారు.

"అందరూ ఈ గయ్యాళే చేసిందంటున్నారు," అంటూ మొదలుపెట్టాడు. "కానీ మనం ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు చదివాం. మొదటి పేజీ నుంచీ అందరూ ఎవర్ని అనుమానిస్తారో వాళ్లే హంతకులైన పుస్తకం ఒక్కటైనా ఉందా?"

"లేదు!" అంది క్లాసు.

"ఇది తొట్టి పగలగొడతానని పదిమంది ముందూ అరిచింది. చివరిదాకా అక్కడే నిలబడింది. ఇంతకు ముందు అద్దం కూడా పగలగొట్టింది. పుస్తకంలో ఇలాంటి మనిషి ఉంటే మనమేమంటాం?"

"మన కళ్లు కప్పడానికి పెట్టారంటాం!"

"కాబట్టి ఇది కాదు," అన్నాడు మైకు నా వైపు వేలు చూపించి. వీడి నోటి నుంచి నాకు మంచి జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు. "మరి మనమెవరం అనుమానించని మనిషి ఎవరు? ఆ సాయంత్రం అందరికంటే చివర బడిలో ఉన్నదెవరు? తొట్టి ఎన్నాళ్లుంటుందో చూస్తానన్నది ఎవరు? తొట్టి పెట్టడం వల్ల ఎవరి పుస్తకాలకి బూజు పట్టింది?"

ఒక్కొక్క తలా పిన్నుల టీచర్ వైపు తిరిగింది. ఎవరో వెనక నుంచి "అబ్బో!" అన్నారు. ఆ మీదట చప్పట్లే చప్పట్లు. ఏడాది పొడుగునా ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్లందరికీ ఒకేసారి పండగొచ్చింది. సార్ ముఖం చాటంత అయింది. ఆయనకి నా మీద కోపం ఈ వారం నాటిది, ఆవిడ మీద కోపం ఏళ్ల నాటిది.

"దీనికి మీరేమంటారు మేడమ్?" అన్నారు తీయగా.

"నా గురించి నేను చెప్పుకుంటే అది లెక్కలోకి రాదు. పిల్లలే తేల్చనివ్వండి," అంది ఆవిడ. చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది.

నాకు రొట్టె విరిగి నేతిలో పడింది. వెనక్కి తిరిగి అమ్మని చూశాను. వారం రోజుల్లో మొదటిసారిగా అమ్మ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఆవిడే చేసిందని తేలితే ఆ కాగితం నాది కాదు. ఇంకేం కావాలి? ఆవిడ పోతే నాకు పీడా విరగడవుతుంది కూడా.

ఈలోగా రాయి బెంచీ బెంచీకీ చేతులు మారుతోంది. అందరూ దాన్ని పట్టుకుని విసిరినట్టు నటిస్తున్నారు, నవ్వుకుంటున్నారు. చివరికి నా చేతికొచ్చింది. అంతవరకూ నేను దాన్ని చూడనేలేదు.

నల్లటి పలచ రాయి. ఒక మూల విరిగింది.

వెనక్కి తిప్పి చూశాను. ఎండిపోయిన పాచి, ముదురాకుపచ్చ రంగులో పొరలుగా. ఒక అంచున మాత్రం పాచి లేదు, నున్నగా గీకేసినట్టుంది. పిరికి గీక్కుని తిన్న చోటు అది. నా కళ్లు మసకబారాయి. చేప కోసం ఏడ్చానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి.

ఏమీ అనకుండా ఆ రాయిని పక్కవాడికి ఇచ్చేస్తే సరిపోయేది. ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆవిడ నా వైపు ఆ రోజు గుమ్మంలోంచి చూసిన చూపు గుర్తొచ్చింది. నీకు ఇలాగే కావాలి అనుకున్నాను. కానీ బోర్డు మీద మైకు రాతలో ‘రాయి విసిరారు’ అన్నది ఎడమవైపు కూర్చుని ఉంది. దాన్ని అక్కడ చూస్తూ ఉంటే అన్నంలో రాయి పళ్ల కింద పడ్డట్టుంది. ఆ మాయదారి గీత నా బుర్రలోకి ఎప్పుడు దూరిందో నాకే తెలీదు.

లేచి బోర్డు దగ్గరికి వెళ్లాను.

"ముందే చెప్తున్నాను. ఈవిడంటే నాకు పడదు. ఈవిడ పోతే నాకంటే సంతోషించేవాళ్లు ఎవరూ ఉండరు," అన్నాను. అరచేత్తో ‘రాయి విసిరారు’ అన్న మాటని తుడిచేసి, కుడివైపు ‘అనుకున్నది’ కింద మళ్లీ రాశాను. "విసరడం ఎవరూ చూడలేదు. ఇది ఇటు రావాలి."

"నువ్వు కూర్చో," అన్నారు సార్.

"మాట్లాడనివ్వండి," అంది పిన్నుల టీచర్. తర్వాత నా వైపు తిరిగి, పుస్తకాల్లో డాక్టరు గురించి అడిగినంత కఠినంగా, "ఎలా తెలుసు?" అంది.

"ఇది బయట నుంచి వచ్చిన రాయి కాదు. తొట్టిలో రాయే. అడుగున బుద్ధుడి పక్కన ఉండేది. నేను రోజూ చూసేదాన్ని. వెనక పాచి చూడండి. రోడ్డు మీద రాయికి చేపల తొట్టి పాచి ఎలా పడుతుంది? తొట్టి పగిలాక నీళ్లతో పాటు ఇదీ కింద పడింది, అంతే."

రాయి మళ్లీ చేతులు మారింది. ఈసారి ఎవరూ విసిరినట్టు నటించలేదు. గోళ్లతో పాచి గీకి చూశారు.

"అయితే ఇంకో దాంతో కొట్టి ఉంటారు," అన్నాడు మైకు.

"దేంతో? చూశావా?"

"లేదు. కానీ ఎవరో ఒకరు పగలగొట్టకుండా దానంతట అదే పగులుతుందా?"

"ఎవరో పగలగొట్టారని ఎలా తెలుసు?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అచ్చం ఆవిడ గొంతుతో వచ్చింది. సిగ్గేసింది కానీ ఆగలేదు. "పుస్తకంలో అయితే ఎవరో ఒకరు ఉండి తీరాలి. లేకపోతే పుస్తకమే లేదు. అందుకని మనందరం ఎవరూ ఎవరూ అని వెతుక్కుంటున్నాం. ఇక్కడ ఒకరు ఉండాలని మనకెవరు చెప్పారు?"

మైకు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. వాణ్ని అలా చూడ్డానికి ఏడాది నుంచి ఎదురుచూశాను. తీరా చూస్తే పెద్ద సంతోషమేమీ అనిపించలేదు.

నేనే ముందు నడిచాను. క్లాసంతా నా వెనక హాల్లోకి వచ్చింది. వాళ్ల వెనక సార్, టీచర్, మా అమ్మ. గాజు పెంకులు ఎత్తేశారు కానీ తొట్టి కింద పెట్టిన బీరువా అలాగే పక్కకి పడుకుని ఉంది. అంచులు ఉబ్బి, లామినేషన్ లేచిపోయి, లోపలి చెక్కపొడి కనిపిస్తోంది. నా గుండ్రటి పెన్ను తీసి దాని మీద ఒక చివర పెట్టాను. పెన్ను గడగడా దొర్లుకుంటూ మధ్యకి వెళ్లి అక్కడ ఆగింది. రెండో చివర పెట్టాను. మళ్లీ మధ్యకే వెళ్లింది.

"మధ్యలో కుంగింది. పుస్తకాలు నిలబెట్టుకునే బీరువాని పడుకోబెట్టి దాని మీద అంత నీళ్లు పెడితే కుంగదా? కింద ఎగుడుదిగుడైతే గాజు ఎంతకాలం ఓర్చుకుంటుంది? అతుకు విడిపోయి ఉంటుంది."

పిల్లలు గుసగుసలాడారు. ఆ బీరువాని పడుకోబెట్టించింది ఎవరో అందరికీ తెలుసు. సార్ గొంతు సవరించుకున్నారు. ఆయన ఏదో అనేలోపే పిన్నుల టీచర్ అందుకుంది.

"తొట్టి పగిలి నీళ్లు మీద పడ్డాక ఉబ్బి కుంగి ఉండొచ్చుగా? ముందే కుంగిందని ఎలా తెలుసు?"

నాకు తల తిరిగిపోయింది. ఈ మహాతల్లిని ఒడ్డున పడేద్దామని నేను చూస్తుంటే, ఈవిడ నా చెయ్యి కొరుకుతోంది! మైకు కూడా బిత్తరపోయి చూశాడు.

"తెలీదు!" అని అరిచాను. "నాకు తెలీదు. ముందే కుంగిందో, తర్వాత కుంగిందో నాకు తెలీదు. మీకూ తెలీదు, వీడికీ తెలీదు, సార్‌కీ తెలీదు. ఎవరికీ తెలీనప్పుడు ఆ కాగితం సార్ జేబులో ఎందుకుంది?"

సార్ చెయ్యి చటుక్కున జేబు మీదకి వెళ్లింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. పిల్లలెవరూ నవ్వలేదు. అందరూ ఆ జేబు వైపే చూస్తూ నిలబడ్డారు. ఆయన మింగలేక కక్కలేక కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు.

"వెళ్లండి, వెళ్లండి. గంట కొట్టేస్తారు," అన్నారు. క్షమించమని అనలేదు. పెద్దవాళ్లు అనరు. ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మేడమ్, ఈ వాదనల క్లాసు వచ్చే వారం నుంచి ఉండదు. పిల్లలకి నోళ్లు పెరుగుతున్నాయి," అన్నారు.

పిన్నుల టీచర్ తల ఊపింది. బీరువా దగ్గర వంగి, ఉబ్బిన అంచుని చేత్తో తడిమింది. పిల్లలు సంచులు తెచ్చుకోడానికి పైకి పరిగెత్తారు. మైకు నా పక్కనుంచి వెళ్తూ, "చివర్లో బాగా అరిచావ్," అన్నాడు. పొగడ్తో ఎత్తిపొడుపో తెలీలేదు. వాడి మొహాన్నిబట్టి చూస్తే వాడికీ తెలిసినట్టు లేదు.

అమ్మ బస్టాపు వైపు నడిచింది. హాల్లో ఆవిడా నేనూ మిగిలాం. ఆవిడ నాకు ధన్యవాదాలు చెప్తుందని నేనేమీ నిలబడలేదు. నాకు ఒక లెక్క తేలాల్సి ఉంది.

"ఆ రోజు ఆఫీసు గుమ్మంలో నన్ను చూశారు కదా టీచర్. నేనే పగలగొట్టాననుకున్నారు కదా?"

ఆవిడ లేచి నిలబడింది. అబద్ధం చెప్తుందేమో అని చూశాను. ఏమాటకామాటే చెప్పాలి, చెప్పలేదు.

"అనుకున్నాను," అంది.

"ఎలా?"

ఆవిడ చేతికంటిన చెక్కపొడి దులుపుకుంది. తర్వాత, "నీ మొహం చూసి," అంది.

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. "అది ఏ వైపు రాస్తారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వచ్చేశాను. వెనక నుంచి పిలిచిందేమో తెలీదు. పిలిచినా నేను ఆగేదాన్ని కాదు. ఆవిడంటే నాకు ఇప్పటికీ మంటే. అంత నేర్పిన మనిషి నా దగ్గరికొచ్చేసరికి అదంతా ఎలా మర్చిపోయిందో నాకు అర్థం కాదు.

బయట బస్టాపులో అమ్మ నా కోసం నిలబడి ఉంది. షాపు చీర మీద చాక్‌పీసు పొడి అంటుకుంది, పిల్లల బెంచీది. బస్సు కోసం రోడ్డు వైపే చూస్తోంది.

"అయితే నువ్వు కాదా?" అంది ఇటు తిరక్కుండానే.

"కాదు."

"మరి ఆ సంగతి మొదటి రోజే చెప్పి ఏడవచ్చు కదే! ఊళ్లో ఉన్న నోరంతా నీదేగా. ఆ రోజు పడిపోయిందా? వారం రోజుల బట్టీ నేను నిద్రపోలేదు తెలుసా?"

"ఎందుకు చేశావనే అడిగావమ్మా," అన్నాను. "చేశావా అని అడగలేదు."

అమ్మ రోడ్డు వైపు చూడ్డం మానేసి నా వైపు తిరిగింది. మా బస్సు వచ్చి మా ముందే ఆగింది. కండక్టర్ రండి రండి అని తొందరపెట్టాడు. అమ్మ కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది.